ఆటోమేటిక్ కారు మొరాయిస్తే ఏం చూడాలి?

ముందు మీ కారులో ఉన్నది ఏ రకం గేర్‌బాక్సో తెలుసుకోండి. అన్నింటినీ ఆటోమేటిక్ అనేస్తాం గానీ, మన దేశంలో 2014లో మారుతీ సెలేరియోతో జనంలోకి వెళ్లిన ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) నిజానికి మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మనకు బదులు యాక్చుయేటర్లు అనే కదిలించే పరికరాలు చేస్తాయి. టార్క్ కన్వర్టర్ రకంలో ఇంజన్ శక్తి ఆయిల్ ద్వారా గేర్లకు చేరుతుంది. సీవీటీలో రెండు పుల్లీలు, వాటి మధ్య బెల్టు.

ఏఎంటీ: ఎత్తులో మాడు వాసన, బండి లాగడం లేదు

ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ ఆగినప్పుడు బ్రేక్ వేయకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెట్టేవాళ్లకు ఇది తప్పదు. క్లచ్ ప్లేటు సగం పట్టి సగం జారుతూ వేడెక్కిపోతుంది. పక్కకు ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి చల్లారనివ్వండి. ఆ తర్వాత కూడా ఆర్‌పీఎం పెరిగి స్పీడు పెరగకపోతే ప్లేటు అరిగిపోయి ఉండొచ్చు. ప్లేటు మార్చాక స్కానర్ పెట్టి క్లచ్ కాలిబ్రేషన్ (క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కారు కంప్యూటర్‌కు నేర్పడం) చేయాలి. కొందరు మెకానిక్‌లు ఇది వదిలేస్తారు, కొత్త ప్లేటుతోనూ కుదుపులొస్తాయి. అడిగి మరీ చేయించుకోండి. గేరు మారేటప్పుడు తల కాస్త ముందుకు ఊగడం మాత్రం ఏఎంటీ స్వభావం, దానికి మందు లేదు.

టార్క్ కన్వర్టర్: డీ (డ్రైవ్)లో వేశాక కాసేపాగి దబ్‌మని కదలడం

మొదటి అనుమానం ఆయిల్ మీదే. అది తగ్గితే ఒత్తిడి చాలక లోపలి క్లచ్‌లు ఆలస్యంగా పట్టుకుంటాయి. కారు కింద మరకలు చూడండి. చాలా కార్లలో ఈ ఆయిల్ కొత్తలో ఎర్రగా ఉంటుంది. ముదురు గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వస్తే పాడైనట్టే. ఓనర్స్ మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించండి. సీవీటీకి దాని ఆయిల్ వేరే. 'జీవితాంతం మార్చక్కర్లేదు' అనే మాటను నేనైతే నమ్మను.

నిలకడ వేగంలో వణుకు వస్తే లాకప్ క్లచ్ (ఇంజన్‌ను గేర్‌బాక్స్‌తో నేరుగా కలిపేది) జారుతుండొచ్చు. గేర్‌బాక్స్ దించుతామంటే వెంటనే ఒప్పుకోకండి, ముందు ఆయిల్ మార్పించి చూడండి.

లివర్ పీ (పార్కింగ్) నుంచి కదలడం లేదు

బ్రేక్ నొక్కి వెనక లైట్లు వెలుగుతున్నాయా చూడమనండి. వెలగకపోతే బ్రేక్ స్విచ్చో, ఫ్యూజో పోయి ఉంటుంది, చిన్న ఖర్చే. చాలా కార్లలో లివర్ పక్కన చిన్న మూత కింద లాక్ విడిపించే మీట ఉంటుంది.

లాగించుకెళ్లాల్సి వస్తే ఫ్లాట్‌బెడ్ బండినే పిలవండి. టార్క్ కన్వర్టర్, సీవీటీ రకాల్లో ఇంజన్ ఆగితే ఆయిల్ పంపూ ఆగుతుంది, చక్రాలు తిరిగే కొద్దీ గేర్‌బాక్స్ ఆయిల్ లేకుండా అరుగుతుంది.