పసుపు మరక, పెరుగు గ్లాసు, మిట్టమధ్యాహ్నం నీడ: ఇంట్లో పిల్లలతో సైన్స్ ఇలా చేయించండి

ఫిబ్రవరి 28, అంటే జాతీయ సైన్స్ దినోత్సవం దగ్గర పడుతోందంటే చాలా ఇళ్ళలో టెన్షన్ మొదలవుతుంది. స్కూల్లో సైన్స్ ఫేర్, పిల్లలకి మోడల్ కావాలి, నాన్న రాత్రికి రాత్రి థర్మాకోల్ షీట్లు తెస్తాడు, అమ్మ రంగులేస్తుంది, పొద్దున పిల్లలు బట్టీపట్టిన నాలుగు వాక్యాలు అప్పజెప్పి వచ్చేస్తారు. మా ఇంట్లోనూ రెండేళ్ళు ఇదే జరిగింది. అగ్నిపర్వతం బాగానే కుదిరింది, నురగ కూడా బాగా పొంగింది. సాయంత్రం ఇంటికొచ్చాక ఆ నురగ ఎందుకొచ్చిందని మా అమ్మాయిని అడిగితే "అది ఎవరూ అడగలేదు నాన్నా" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. అప్పట్నుంచి ఆదివారాలు మా వీధి పిల్లలు ఐదారుగురిని కూర్చోబెట్టుకుని వంటింట్లో దొరికేవాటితోనే ప్రయోగాలు చేయిస్తున్నాను. బాగా పండినవి ఇక్కడ రాస్తున్నా, వీటికి ప్రత్యేకంగా కొనాల్సింది దాదాపు ఏమీ ఉండదు.

అన్నిటికీ ఒకటే నియమం. ఏం జరుగుతుందో పిల్లలు ముందే చెప్పాలి, చెప్పింది నోట్‌బుక్‌లో రాయాలి, ఆ తర్వాతే చెయ్యి వేయాలి. ఇది వదిలేస్తే మిగిలేది మేజిక్ షో చూసిన సరదా ఒక్కటే. "ఎర్రగా అవుతుంది" అని రాసి సంతకం పెట్టిన పిల్ల ఆ కాగితాన్ని చూసే చూపే వేరుగా ఉంటుంది. ఊహ తప్పితే "అదేంటి?" అని వాళ్ళే అడుగుతారు. అప్పుడు జవాబు మన నాలుక చివరే ఉంటుంది, అయినా చెప్పకండి. దాన్ని ఎలా తేల్చుకోవాలో వాళ్ళనే ఆలోచించమనండి.

మొదట పసుపుతో మొదలుపెట్టండి. రెండు చెంచాల పసుపులో కాసిన్ని నీళ్ళు పోసి చిక్కగా కలిపి, పాత తెల్ల కాటన్ గుడ్డకో మందపాటి తెల్ల కాగితానికో పూయండి. నీడలోనే ఆరబెట్టాలి, ఎండలో పెడితే పసుపు రంగు వెలిసిపోతుంది (నిజంగా వెలుస్తుందా అన్నది ఇంకో రోజు ప్రయోగం, సగం ముక్కని అట్టతో కప్పి డాబా మీద పెట్టి సాయంత్రం చూడండి). ఆరాక రెండు వేళ్ళ వెడల్పు ముక్కలు కత్తిరించి, నిమ్మరసం, చింతపండు పులుసు, ఉప్పునీళ్ళు, పంచదార నీళ్ళు, వంటసోడా నీళ్ళు, బట్టల సబ్బు నీళ్ళు వేరువేరు గిన్నెల్లో పెట్టి, ఒక్కోదానికి ఒక్కో ఇయర్‌బడ్ ఇవ్వండి. కిళ్ళీ సున్నం కూడా నీళ్ళలో కలిపి, తేరిన తేట వాడొచ్చు, కానీ సున్నం పని పెద్దవాళ్ళదే. కంట్లో పడితే చాలా ప్రమాదం, పిల్లల చేతికి డబ్బా ఇవ్వొద్దు.

నిమ్మకాయ, ఉప్పు, పంచదార ఏమీ చేయవు. వంటసోడా కొంచెం ఎర్రదనం తెస్తుంది. సబ్బు నీళ్ళ చుక్క పడగానే మాత్రం దాని అంచు నుంచి ఇటుక రంగు మెల్లగా పాకుతుంది, సున్నపు తేట పడితే చిక్కటి ఎరుపు. మా దగ్గర మొదటిసారి చేసినప్పుడు మూడో తరగతి పాప ఒకత్తి ఆ ముక్కని పట్టుకుని కాసేపు మాట్లాడలేదు, తర్వాత "మా అమ్మ నా తెల్ల షర్టు ఉతికినప్పుడు సాంబారు మరక ఇలాగే అయింది" అంది. అంతే, మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే మొదలుపెట్టారు. లోపల్నుంచి మా అమ్మ వచ్చి, పెళ్ళిలో కాళ్ళకు పెట్టే పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్ళు, రెండూ పసుపులో సున్నం కలిపినవేనని చెప్పింది. ఎప్పట్నుంచో మన ఇళ్ళలో ఉన్న ప్రయోగమే ఇది. పసుపులో ఉండే కర్క్యుమిన్ అనే పదార్థం క్షారం తగిలితే ఎర్రబడుతుంది, సబ్బూ సున్నమూ క్షారాలు.

ఇక్కడితో ఆపేస్తే సగం మజా పోతుంది. ఎర్రబడిన ముక్క మీద నిమ్మరసం వేస్తే ఏమవుతుందో ఊహించమనండి. మళ్ళీ పసుపు రంగుకొస్తుంది, ఇది చాలామంది పిల్లలు ఊహించరు. తర్వాత పసుపు కాగితం మీద సబ్బు నీళ్ళలో ముంచిన కుంచెతో పేర్లు రాయించండి. అప్పుడు ఎవరో ఒకరికి అనుమానం రావాలి: నిమ్మరసానికీ మామూలు నీళ్ళకీ పసుపు కాగితం తేడా చెప్పలేకపోతోంది కదా? రాకపోతే మీరే అడగండి. దానికి ఎర్ర మందారం కావాలి. ఐదారు పూల రెక్కలు వేడినీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి వడకడితే రంగు నీళ్ళొస్తాయి, అందులో నిమ్మరసం పడితే ముదురు గులాబీ, సోడా పడితే ఆకుపచ్చ. పెరట్లో నీలి శంఖుపుష్పం తీగ ఉంటే ఇంకా బాగుంటుంది, నీలం నీళ్ళు నాలుగు చుక్కల నిమ్మరసానికే ఊదా రంగులోకి తిరుగుతాయి.

రెండోది పెరుగు. సైన్స్ అంటే నిజంగా ఏంటో పిల్లలకి చెప్పడానికి నాకు దీన్ని మించింది దొరకలేదు. ఒకే రకం చిన్న స్టీలు గ్లాసులు నాలుగు తీసుకుని, కాచిన పాలు తలా సగం పోయండి. ఒకటో గ్లాసులో పొయ్యి మీంచి దించిన మరుగుతున్న పాలల్లోనే ఒక చెంచా తోడు వేయండి (పోసేది మీరే). రెండోదాంట్లో వేలు పెడితే గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు వేయండి. మూడోదాంట్లో ఫ్రిజ్‌లో చల్లారిన పాలకి తోడు వేసి మళ్ళీ ఫ్రిజ్‌లోనే పెట్టండి. నాలుగోది గోరువెచ్చని పాలే, తోడు వేయకండి. గ్లాసుల మీద కాగితం ముక్క అంటించి అంకెలు రాసి, ఏది తోడుకుంటుందో పిల్లలందరితో పందెం కాయించండి. ఎండాకాలమైతే ఐదారు గంటలు, చలికాలమైతే రాత్రంతా పడుతుంది.

రెండోదే గట్టిగా తోడుకుంటుంది. ఎందుకంటే తోడులో ఉన్నవి బతికున్న బ్యాక్టీరియా. మరిగే పాలల్లో అవి చచ్చిపోతాయి, ఫ్రిజ్‌లో చావవు గానీ పని దాదాపు ఆపేస్తాయి. మూడో గ్లాసుని బయటికి తీసి వదిలేస్తే ఆలస్యంగానైనా తోడుకోవడం చూస్తే, చావడానికీ ఆగడానికీ తేడా వాళ్ళకే తెలుస్తుంది. నాలుగో గ్లాసు ఎందుకని పిల్లలు తప్పకుండా అడుగుతారు, అందులో ఏమీ కాలేదు కదా అంటారు. అది లేకపోతే పాలు వాటంతటవే పెరుగవ్వలేదని ఎలా చెప్తావని అడగండి, అర్థం చేసుకోవడానికి కాస్త టైమ్ ఇవ్వండి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, మిగతావన్నీ అలాగే ఉంచాలి అన్న సంగతి ఈ నాలుగు గ్లాసుల దగ్గర పిల్లలకు ఎక్కినంతగా పుస్తకంలో ఎక్కదు.

పచ్చిమిరపకాయ తొడిమలు వేసినా పాలు తోడుకుంటాయని పెద్దవాళ్ళంటారు. నిజమో కాదో ఇప్పుడు మీ పిల్లలే తేల్చగలరు: తొడిమలు వేసిన గ్లాసొకటి, వేయనిదొకటి, పక్కపక్కనే పెట్టాలి. ఇలా చేసిన పాలు మాత్రం రుచి చూడనివ్వొద్దు, చూశాక పారబోసేయండి.

కొవ్వొత్తి ప్రయోగం మీకు తెలిసే ఉంటుంది. పళ్ళెంలో నీళ్ళు, మధ్యలో వెలిగే కొవ్వొత్తి, దాని మీద గాజు గ్లాసు బోర్లిస్తే కాసేపటికి ఆరిపోయి నీళ్ళు గ్లాసులోకి ఎక్కుతాయి. దీనికి చాలామంది చెప్పే కారణం, ఆక్సిజన్ అయిపోయింది కాబట్టి ఆ ఖాళీలోకి నీళ్ళు వచ్చాయని. నేనూ చిన్నప్పుడు ఇదే నేర్చుకున్నాను, పరీక్షలో ఇదే రాశాను. ఇది సరైన కారణం కాదు, పిల్లలకి ఇలా చెప్పడం ఇకనైనా మానేద్దాం. కొవ్వొత్తి ఆరిపోయేసరికి గ్లాసులో ఆక్సిజన్ ఇంకా చాలానే మిగిలుంటుంది. అసలు జరిగేది ఏంటంటే మంట వేడికి గ్లాసులో గాలి వ్యాకోచించి కొంత అంచు కిందనుంచి బయటికి పోతుంది, మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, అప్పుడు బయటి గాలి ఒత్తిడి నీళ్ళని లోపలికి నెడుతుంది.

ఇది మీరు చెప్పక్కర్లేదు, పిల్లలే పట్టుకోగలరు. పళ్ళెంలో రెండు చుక్కల సబ్బు నీళ్ళు కలపండి, గ్లాసు బోర్లించగానే అంచు దగ్గర బుడగలు బయటికొస్తాయి. నీళ్ళు ఎక్కువగా ఎప్పుడు ఎక్కుతున్నాయో చూడమనండి, మంట వెలుగుతున్నప్పుడా, ఆరాకా? తర్వాత అదే గ్లాసు కింద ఒకటికి బదులు మూడు కొవ్వొత్తులు పెట్టండి. గ్లాసులో గాలి అంతే, ఆక్సిజనూ అంతే, నీళ్ళు మాత్రం ముందుకన్నా బాగా పైకి ఎక్కుతాయి. మా దగ్గర ఒక ఎనిమిదో తరగతి అబ్బాయి దీని మీద దాదాపు అరగంట వాదించాడు, చివరికి తన నోట్‌బుక్‌లో రాసుకున్న పాత కారణాన్ని తనే కొట్టేశాడు. పక్కన పెద్దవాళ్ళు ఉండాలి, చున్నీలు, జుట్టు జాగ్రత్త.

వాన పడి ఎటూ వెళ్ళలేని రోజు స్ట్రా పీపీ చేయించండి. కాగితం స్ట్రా కుదరదు, ప్లాస్టిక్‌ది కావాలి. ఒక కొసని పళ్ళతో నొక్కి చదును చేసి, రెండు పక్కలా ఏటవాలుగా కత్తిరించి మొన చేసి ఊదితే కొబ్బరాకు బూరలాగే మోగుతుంది. ఊదుతుండగానే రెండో కొస నుంచి కొంచెం కొంచెం కత్తిరిస్తూ పోతే శ్రుతి పెరుగుతూ పోతుంది. ఇలా పనికిరాని వస్తువులతో సైన్స్ బొమ్మలు చేయడంలోనే జీవితం గడిపిన అరవింద్ గుప్తాగారి వీడియోలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఆయనకి 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ఇంట్లో పిల్లలుంటే అవి తప్పకుండా చూపించండి.

ఎండాకాలం రెండు స్టీలు సీసాల్లో ఒకే నీళ్ళు పోసి ఒకదానికి తడిగుడ్డ చుట్టి ఫ్యాన్ కింద పెడితే అరగంటలో కుండ నీళ్ళ రహస్యం బయటపడుతుంది. విశాఖలాంటి ఉక్కపోత ఊళ్ళో ఇది హైదరాబాద్‌లో పనిచేసినంతగా పనిచేయదు, గాలిలో తేమ ఎక్కువుంటే గుడ్డ ఆరదు కదా. చెట్టు కింద నేల మీద పడే గుండ్రటి వెలుగు మచ్చలు కూడా చూపించండి. అవి ఆకుల సందుల ఆకారాలు కావు, సూర్యుడి బొమ్మలు. అట్టలో మూడు మిల్లీమీటర్ల చదరపు రంధ్రం చేసి, గోడకి రెండు మీటర్ల దూరంలో ఎండలో పట్టుకుంటే గోడ మీద సుమారు రెండు సెంటీమీటర్ల గుండ్రటి మచ్చే పడుతుంది, చదరంగా పడదు. 2019 డిసెంబరు 26న మన దగ్గర పాక్షికంగా కనిపించిన సూర్యగ్రహణం రోజు ఈ మచ్చలన్నీ నెలవంకల్లా మారాయి. సూర్యుణ్ణి మాత్రం నేరుగా ఎప్పుడూ చూడకూడదు, ఇది పిల్లలకి గట్టిగా చెప్పండి. ఇంకో రెండు మాటలు కూడా ఇప్పుడే చెప్పేస్తా: కరెంటు ప్రయోగాలకి టార్చి బ్యాటరీలే వాడాలి, ప్లగ్ జోలికి పోకూడదు. బాత్రూమ్ క్లీనర్, బ్లీచింగ్ లాంటివి ప్రయోగాల్లోకి రానివ్వకండి, అవి రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది.

అన్నిటికన్నా నాకు ఇష్టమైనది నీడ ప్రయోగం. డాబా మీద చదునుగా ఉన్నచోట మీటరు కర్రని నిటారుగా నిలబెట్టండి (పూలకుండీ మట్టిలో గుచ్చితే సరిపోతుంది, నిటారుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి చూసుకోండి). పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా ఐదేసి నిమిషాలకోసారి నీడ కొసన సుద్దముక్కతో చుక్క పెట్టి టైమ్ రాయించండి. నీడ అన్నిటికన్నా పొట్టిగా ఎప్పుడుంటుందని అడిగితే పిల్లలందరూ పన్నెండింటికనే అంటారు. హైదరాబాద్‌లో అలా రాదు, నెలను బట్టి సుమారు పన్నెండుకీ పన్నెండున్నరకీ మధ్య వస్తుంది. మన గడియారాలన్నీ 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తాయి, ఆ గీత కాకినాడ దగ్గర నుంచి పోతుంది, హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమరన ఉంది, సూర్యుడు ఒక్కో డిగ్రీ దాటడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. అంటే పదహారు నిమిషాలు ఆలస్యం, మిగతా తేడా భూమి సూర్యుడి చుట్టూ తిరిగే తీరు వల్ల వస్తుంది. ఆ పొట్టి నీడ పడిన గీతే సరిగ్గా ఉత్తర దక్షిణాలు, ఫోన్‌లో దిక్సూచి పెట్టి సరిచూసుకోమనండి.

ఏడాదికి రెండుసార్లు ఆ నీడ పూర్తిగా మాయమవుతుంది. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో, తిరుపతిలో ఏప్రిల్ చివరి వారంలోనే, ఆదిలాబాద్‌లో మే మూడో వారంలో. ఆగస్టులో మబ్బు పట్టే అవకాశం ఎక్కువ, కాబట్టి వేసవి సెలవుల్లోనే చూడండి. కర్ర బదులు స్టీలు గ్లాసు బోర్లించినా చాలు, మిట్టమధ్యాహ్నం దాని చుట్టూ ఎటూ నీడ ఉండదు. ఢిల్లీలో ఉన్న పిల్లలు ఇది ఎప్పటికీ చూడలేరు, సూర్యుడు అక్కడ నడినెత్తికి రాడు.

తిరుపతిలో ఒకరు, ఆదిలాబాద్‌లో ఒకరు చుట్టాలుంటే ఇంకో మెట్టు ఎక్కి భూమి చుట్టుకొలతే లెక్కకట్టండి. ఒకే రోజు రెండుచోట్లా మీటరు కర్ర పొట్టి నీడని కొలిచి, కాగితం మీద కర్రనీ నీడనీ ఒకే స్కేలుతో గీసి, కర్ర కొస దగ్గర కోణం కోణమానినితో కొలవండి. డిసెంబరు, జనవరిలో చేస్తే రెండుచోట్లా నీడ ఉత్తరానికే పడుతుంది, కాబట్టి పెద్ద కోణంలోంచి చిన్నది తీసేస్తే సరిపోతుంది. తేడా సుమారు ఆరు డిగ్రీలొస్తుంది. వృత్తం మొత్తం 360 డిగ్రీలు, అంటే ఆరుకి అరవై రెట్లు. ఈ రెండు ఊళ్ళ మధ్య ఉత్తర దక్షిణ దూరం సుమారు 670 కిలోమీటర్లు, దాన్ని అరవైతో గుణిస్తే 40,200. భూమి చుట్టుకొలత నిజంగానే 40,000 కిలోమీటర్ల చిల్లర. ఇది రెండువేల ఏళ్ళకి పైగా వెనక ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు చేసిన లెక్క. కోణం ఒక్క డిగ్రీ తప్పినా జవాబు బాగా తేడా వస్తుంది, కాబట్టి మూడు రోజులు వరసగా కొలిచి సగటు తీయించండి. కొలతలు మాత్రం ఫోన్లో అవతలి పిల్లలకి చెప్పే పని కూడా పిల్లలకే వదిలేయండి.