బోజాగి కట్టు, రెండో పాఠం: పెట్టెకు ముడి, ముడికి రేకులు

బోజాగి అంటే వస్తువులు చుట్టి కట్టే కొరియా గుడ్డ. మొదటి పాఠంలో రెండు రంగుల గుడ్డలు కలిపి రెండుపొరల బోజాగి కుట్టుకున్నాం. కొరియాలో ఈ రెండుపొరల రకాన్ని గ్యొప్పో అంటారు. కొరియాను జోసన్ రాజవంశం ఏలిన కాలంలో బోజాగి కొలతను నేత గుడ్డ పన్నాతోనే చెప్పేవారు. ఒక పోక్ అంటే సుమారు 35 సెం.మీ. ఒక పోక్ గుడ్డలో చిన్న వస్తువులు కట్టేవారు, పది పోక్‌ల గుడ్డలో పరుపులు, దుప్పట్లు కట్టేవారు. ఈరోజు మన పెట్టె 20 సెం.మీ. పొడవు, అంతే వెడల్పు, 8 సెం.మీ. ఎత్తు.

ముందు గుడ్డ సరిపోతుందో లేదో చూడాలి. పెట్టె పొడవుకు ఎత్తు కలిపి, చెంగుకు మరో 18 వేసి, వచ్చినదాన్ని 1.4తో హెచ్చవేయండి. ఇక్కడ 20+8+18=46, అంటే చదరపు గుడ్డ ఒక్కో భుజం దాదాపు 65 సెం.మీ. ఉండాలి. 18కి బదులు 10 వేసుకుంటే ముడి పడుతుంది కానీ పైన పూరేకులకు గుడ్డ మిగలదు. ఇంట్లో 80 సెం.మీ. జాకెట్టు ముక్క ఉంటే, అంచులు మడిచి కుట్టాక 30 సెం.మీ. పొడవు, 8 సెం.మీ. ఎత్తున్న పెట్టెకు బొటాబొటిగా వస్తుంది.

లోపలి రంగు పైకి కనబడేలా గుడ్డ పరిచి, ఒక మూల మీ వైపు తిప్పండి. పెట్టెను నడిమధ్యన పెట్టండి, దాని పక్క మీకు ఎదురుగా ఉండాలి, మూల కాదు. మీ వైపు చెంగునూ అవతలి చెంగునూ పైకి తెచ్చి ఒక్క మెలిక వేసి బిగించండి. ఇప్పుడు కుడి ఎడమల్లో గుడ్డ ఉబ్బుగా కనిపిస్తుంది. తొందరపడి చెంగులు లేపకండి. పెట్టె నాలుగు నిలువంచుల దగ్గరా మిగిలిన గుడ్డను చీర కుచ్చిళ్లలా లోపలికి మడిచి, వేలితో ఒత్తి పట్టుకుని, అప్పుడు లేపండి. కట్టు వదులుగా ఉందంటే చాలాసార్లు తప్పు ముడిలో ఉండదు, ఇక్కడే ఉంటుంది.

కుడి ఎడమల ఈ రెండు చెంగులనూ మొదటి మెలిక మీదుగా ముడి వేయాలి. కుడి చెంగు ఎడమదాని పైనుంచి వేసి కిందనుంచి దూర్చి లాగండి. రెండోసారి కూడా ఆ చెంగే పైనుండాలి. అలా చేస్తే ముడి చెవులు, అంటే బయట మిగిలిన కొసలు, రెండూ పెట్టె మీద అడ్డంగా వాలి పడుకుంటాయి. ఒకటి మీ వైపు, ఇంకొకటి అవతలికి నిక్కితే రెండో మెలిక తారుమారైనట్టే. విప్పి మళ్లీ వేయండి. అలాంటి ముడి జారుతుంది, లేదా బిగుసుకుపోయి గోళ్లకు కూడా లొంగదు.

ఇప్పుడు నాలుగు చెంగులున్నాయి. ఒక్కోదాన్ని లోపలికి వంచి, కొసను ముడి కిందికి దూర్చి, వంపును రెండు వేళ్లతో విప్పి పరచండి. లోపలి రంగు బయటపడి రేకవుతుంది. రెండుపొరలు కుట్టింది దీనికోసమే. శాటిన్ జారిపోతుంటే ముడి మొదట్లో సన్న రబ్బరు బ్యాండు వేసి, కొసలు దాని కిందికి దూర్చండి. రేకులు వాలిపోతే గుడ్డ మరీ మెత్తనని అర్థం. నూలు గుడ్డకు పలుచటి గంజి పెట్టి, కాస్త తడిగా ఉండగానే ఇస్త్రీ చేస్తే నిలబడతాయి.

విప్పేటప్పుడు చెవులు రెండూ పట్టి లాగితే ముడి ఇంకా బిగుస్తుంది. ఒకే చెంగును తీసుకుని, దాని కొసనూ అదే చెంగు పెట్టె వైపు భాగాన్నీ రెండు చేతులా పట్టి తిన్నగా సాగదీయండి. ఆ చెంగు నిటారవుతుంది, రెండోది దాని చుట్టూ ఉంగరంలా మిగిలి జారి వచ్చేస్తుంది. మూడో పాఠానికి ముందు ఈ వేయడం, విప్పడం పదిసార్లు చేసి చూడండి. అందులో సీసా కడతాం, అక్కడ ముడి మెడ దగ్గర పడుతుంది.