చైనా షుగరు మాత్రలు ఇంటికొచ్చాయా? నోట్లో వేసుకునే ముందు ఇవి చూడండి

బరంపురంలో మా మందుల షాపుకి దేవాంగుల వీధుల నుంచీ, ఇచ్ఛాపురం వైపు నుంచీ మనవాళ్లు చాలామంది వస్తారు. సింగపూర్‌లో ఉన్న కొడుకో అల్లుడో పంపిన డబ్బా బల్ల మీద పెట్టి, "చెట్టుమందేనటమ్మా, వేసుకోవచ్చా?" అని అడుగుతారు. వాళ్లకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు లేబుల్ చదవాలి. చైనా అక్షరాలైతే ఫోన్ కెమెరాతో అనువాదం చేయించండి. వెతకాల్సిన పేరు గ్లిబెన్‌క్లమైడ్, ఇది షుగరు తగ్గించే ఇంగ్లీషు మందు. చైనాలో పేరున్న 'షియావొకె వాన్'లో మూలికలతో పాటు గోళీకి 0.25 మిల్లీగ్రాముల గ్లిబెన్‌క్లమైడ్ ఉంటుంది. అంటే పది గోళీలకి 2.5 మిల్లీగ్రాములు. మన డాక్టర్లు రాసే డావోనిల్ కూడా అదే మందు. రెండూ కలిపి మింగితే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. లేబులే లేని పొట్లాలైతే పారేయండి, మొహమాటపడొద్దు. 2008లో సింగపూర్‌లో మగతనం పెంచుతాయని దొంగచాటుగా అమ్మిన మందుల్లో గ్లిబెన్‌క్లమైడే కలిసింది. షుగరు జబ్బే లేని 150 మంది ఆసుపత్రి పాలయ్యారు, నలుగురు చనిపోయారు.

తర్వాత కిడ్నీలు. మనలో చాలామందికి ఉద్దానంలో చుట్టాలున్నారు, ఆ బాధ ఏమిటో నేను చెప్పక్కర్లేదు. మన ఈశ్వరి తీగ జాతి మొక్కల్లో ఉండే అరిస్టొలోకిక్ ఆమ్లం కిడ్నీలను పాడుచేస్తుంది. కొన్ని చైనా మూలికల్లోనూ అది ఉంటుంది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి అలాంటివి వాడినవాళ్లకి కిడ్నీలు పోయాయి. అందుకే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోకుండా ఏ కొత్త మూలికా మొదలుపెట్టొద్దు.

ఇక పనికొచ్చేవి. హువాంగ్ లియన్ అనే చేదు వేరులో బెర్బెరిన్ అనే పదార్థం ఉంటుంది, మన దారుహరిద్రలోనూ ఉంటుంది. 2008లో అచ్చయిన ఒక చిన్న చైనా అధ్యయనంలో పూటకి 500 మిల్లీగ్రాముల చొప్పున మూడు పూటలా, మూడు నెలలు బెర్బెరిన్ ఇస్తే, డాక్టర్లు రాసే షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్‌కి దగ్గరగా పనిచేసింది. ఆశ కలిగించే ఫలితమే. కానీ దాన్ని చూసి మీ మాత్ర మానేయకండి, అధ్యయనం చాలా చిన్నది. డాక్టరుకి చెప్పి, మొదలుపెట్టాక రోజూ పరగడుపునా, తిన్న రెండు గంటలకీ గ్లూకోమీటర్‌తో చూసి రాసుకోండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీని జోలికి పోనేకూడదు.

నాకు బాగా నచ్చింది మల్బరీ ఆకు. చైనావాళ్లు 'సాంగ్ యె' అంటారు. ఆకులోని పదార్థం పేగుల్లో పిండిపదార్థం చక్కెరగా మారడాన్ని నెమ్మది చేస్తుంది. కాబట్టి దాని కషాయం అన్నంతో పాటే తాగాలి, తిన్న గంటకి తాగితే లాభం లేదు. మీ చీటీలో వోగ్లిబోజ్ అనే షుగరు మాత్ర ఉంటే ఇది వద్దు, రెండూ ఒకే పని చేస్తాయి, పొట్ట ఉబ్బరం మిగులుతుంది.

చెమటలు, వణుకు, మీటర్‌లో 70 కన్నా తక్కువ చూస్తే 15 గ్రాముల గ్లూకోజు పొడి, అంటే మూడు టీ చెంచాలు, నీళ్లలో కలిపి తాగించండి. మల్బరీ గానీ వోగ్లిబోజ్ గానీ వాడేవాళ్లకి పంచదార ఆలస్యంగా ఎక్కుతుంది, అందుకే గ్లూకోజే ఇంట్లో ఉంచండి. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏదీ పోయొద్దు. పావుగంటకి మళ్లీ మీటర్ చూడండి. గ్లిబెన్‌క్లమైడ్ వల్ల పడిపోయిన షుగరు తేరుకున్నట్టే కనిపించి గంటల తర్వాత మళ్లీ పడిపోతుంది, కిడ్నీ జబ్బుంటే మరీను. ఆ రాత్రి ఇంట్లో ఉంచకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, డబ్బా కూడా పట్టుకెళ్లండి.