మనిషెవరో తేలేదాకా చేయి లేపవద్దు: ఎండాకాలపు రాత్రులకు జాగ్రత్తలు

పోయిన ఆదివారం రాత్రి మా మండలంలోని ఒక ఊరిలో దుప్పట్లు అమ్ముకునే మనిషిని కరెంటు స్తంభానికి కట్టేసి కొట్టారు. చీకటిపడ్డాక ఒక ఇంటి ముందు నిలబడి మంచినీళ్లు అడిగాడు, అడిగింది హిందీలో. అంతే అతని తప్పు. ప్రాణం దక్కింది గానీ కుడిచేయి రెండుచోట్ల విరిగింది. కొట్టినవారిలో ఏడుగురు రిమాండుకు వెళ్లారు. వారిలో ఇద్దరు కానిస్టేబుల్ పరీక్షకు చదువుకుంటున్న పిల్లలు. ఇక ఏం చదివి ఏం లాభం?

నేను ముప్పై ఏళ్లు పాత మహబూబ్‌నగర్ జిల్లా ఠాణాలలో ఉద్యోగం చేశాను, అందులో ఎక్కువ కాలం రైటర్‌గానే. ఫిర్యాదులు, పంచనామాలు, వాంగ్మూలాలు రాసి రాసి వేలికి కాయ కాసింది. మంచి తాళం వేయండి, నగలు లాకరులో పెట్టండి, పెళ్లికి వెళ్లేముందు పక్కింట్లో చెప్పండి వంటివి మీకు తెలిసినవే, వాటిని మళ్లీ రాయను. దొంగలు పడి ఇల్లు గుల్లయినవాళ్లను చాలామందిని చూశాను. నాలుగైదేళ్లలో మళ్లీ కూడదీసుకున్నారు. దొంగ అనుకుని ఒకరిని కొట్టి, ఆ కేసుకు రెండెకరాలు అమ్ముకున్నవాళ్లు మాత్రం కోలుకోలేదు. అందుకే ఈసారి ఒక్కటే చెబుతున్నాను: మనిషెవరో తేలేదాకా చేయి లేపవద్దు.

భయం గురించి

మీ భయం ఉత్తదని నేను అనను. 2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి సూర్యాపేట బస్టాండులో బస్సు తనిఖీ చేస్తున్న పోలీసులపై ఇద్దరు కాల్పులు జరిపారు. ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు అక్కడే ప్రాణాలు వదిలారు. మూడో రోజున మోత్కూరు మండలం జానకీపురం దగ్గర జరిగిన ఎదురుకాల్పుల్లో ఆ ఇద్దరూ చనిపోయారు, మళ్లీ పోలీసులనూ పోగొట్టుకున్నాం. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో గ్యాంగ్‌స్టర్ నయీం ఎన్‌కౌంటర్ అయ్యేదాకా భువనగిరి చుట్టుపక్కల ఆ పేరును గొంతు తగ్గించి పలికేవారు. తుపాకి మనకు పరాయి వస్తువు కాదు.

కానీ కాస్త ఆలోచించండి. వచ్చినవాడి దగ్గర నిజంగా తుపాకి ఉంటే, కర్రలు పట్టుకుని చుట్టూ మూగిన ఇరవై మందీ వాడికి గురి. లేకపోతే వాడు చిల్లర దొంగో, దారి తప్పినవాడో, మతిస్థిమితం లేనివాడో. మొదటి దానిలో మీ ప్రాణం పోతుంది, రెండో దానిలో మీ బతుకు పోతుంది. రెండింటిలోనూ మీ కర్ర చేసే మేలేమీ లేదు.

2018 మే నెల గుర్తుందా? పిల్లలను ఎత్తుకెళ్లే ముఠా దిగిందని ఫోన్లలో వీడియోలు తిరిగాయి. బీబీనగర్ మండలంలో ఒక ఆటో డ్రైవరును కొట్టి చంపారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో భిక్షాటన చేసుకునే ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ గుంపు చేతిలో చనిపోయింది. ఒక్క పిల్లవాడినైనా ఎత్తుకెళ్లినవాళ్లు వారిలో లేరు. అదే సమయంలో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరికో పోలీసును కేటాయించారు. వాళ్లు డప్పు కొట్టి, పాటలు పాడి, ఇంటింటికీ తిరిగి అది పుకారని చెప్పారు. అక్కడ ఒక్క ప్రాణం పోలేదు. ఆ జులైలో వాట్సాప్ కూడా మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి అయిదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి చేసింది. దానికి తెలివి వచ్చింది, మనకు రావాలి.

కొత్త మొహాల గురించి

మా చిన్నప్పుడు ఊరిలోకి కొత్త మనిషి వస్తే కుక్కలకన్నా ముందు ముసలమ్మలు పసిగట్టేవారు. ‘ఎవరింటికి బిడ్డా?’ అని అడిగేవారు. ఆ ప్రశ్నే పెద్ద కాపలా. ఇప్పుడు మిర్యాలగూడ రైసుమిల్లులలో బిహార్ హమాలీలు ఉన్నారు. కోత మిషన్ల మీద పరరాష్ట్రాల డ్రైవర్లు వస్తారు. హైవే పక్క వెంచర్లలో ఎవరు అద్దెకు ఉంటున్నారో పక్కవాడికే తెలియదు. మాట కలవదు, వేషం కలవదు. అడిగే అలవాటు పోయి అనుమానించే అలవాటు మిగిలింది.

ఇక్కడ ఒక మాట అడ్డం వచ్చినా చెప్పాలి. పాలమూరు నుంచి బొంబాయికీ పుణేకీ బస్సులకొద్దీ జనం వలసపోయారు. అక్కడి గల్లీలలో కొత్త మొహాలు మనవాళ్లవే. భాష రాక, దారి తెలియక, రాత్రిపూట ఎవరి గడప ముందో నిలబడి నీళ్లు అడిగినవాళ్లలో మా చిన్నాన్న కూడా ఉన్నాడు.

చట్టం సంగతి చిన్నగా. కళ్లెదుట దోపిడీ వంటి పెద్ద నేరం చేసినవాణ్ణి పట్టుకునే హక్కు మామూలు పౌరుడికీ ఉంది. ఆరు గంటలలోగా పోలీసులకు అప్పగించాలి. పట్టుకోవచ్చు అంటే కొట్టవచ్చు అని కాదు. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత ప్రకారం, అయిదుగురు లేదా అంతకు మించిన గుంపు కులం, భాష, పుట్టిన ప్రాంతం వంటి కారణంతో ఒకరిని చంపితే గుంపులోని ప్రతి ఒక్కరికీ మరణశిక్ష లేదా యావజ్జీవం. తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా జైలు. ‘నేను ఒక్క దెబ్బే వేశాను సార్’ అని ఏడ్చినవాళ్ల మాటలు కూడా నేనే రాసుకున్నాను. ఎవరు ఎన్ని దెబ్బలు వేశారన్న లెక్క అక్కడ పెద్దగా పనికిరాదు.

తుపాకి గురించి

నల్లమల అంచు ఊళ్లలో అడవిపందుల నుంచి వేరుశనగను కాపాడుకోవడానికని నాటు తుపాకి దాచుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఒక కేసు చెబుతాను. కావలి ఉన్న రైతు పొదలో చప్పుడు వినగానే పేల్చాడు. ఆ పొద దగ్గర ఉన్నది అతని సొంత బావమరిది. అన్నం గిన్నె తెస్తూ చెప్పు తెగి కిందికి వంగాడు. ‘పంది అనుకున్నాను సార్’ అన్నాడు ఆ రైతు. ఆ వాక్యం రాశాక పేజీ తిప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

లైసెన్సు లేని తుపాకి ఇంట్లో దొరికితేనే, 2019 సవరణ తర్వాత, కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా అయిదేళ్లు జైలు. పేల్చనక్కరలేదు. నాటు తుపాకిలో మందు కొలత తప్పితే గొట్టం పేలి పేల్చినవాడి వేళ్లే పోతాయి. పందుల బెడద ఉంటే పంచాయతీకి, అటవీ అధికారులకు చెప్పండి. చేను చుట్టూ కరెంటు తీగ కట్టడం కూడా ఇదే జాతి తప్పు. తీగకు మనిషెవరో, పందేదో తెలియదు.

లైసెన్సు ఉన్నవాళ్లకూ ఒక ముక్క. పెళ్లి బరాత్‌లో సరదాకు గాలిలో పేలిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. పైకి పోయిన గుండు ఎక్కడో ఒకచోట పడాలి కదా.

ఇక మిగిలినవి వరుసగా రాస్తున్నాను.

డాబా మీద పడుకుంటే కింద తలుపుకు గడియ పెట్టి ఎక్కండి. తలగడ కింద కత్తి పెట్టుకోవద్దు. నిద్రమబ్బులో లేచినవాడికి మంచినీళ్లకు లేచిన తమ్ముడు కూడా దొంగలాగే కనిపిస్తాడు.

చప్పుడు అయితే ముందు లైటు వేయండి. తర్వాత గట్టిగా పేరు అడగండి. తర్వాత 100కో 112కో ఫోన్ చేయండి. ఈ వరుస మార్చవద్దు.

బయటికి ఉరకవద్దు.

కాపలాకు వెళ్లే గుంపులో తాగినవాడు ఉండకూడదు. ఒక్కడు ఉన్నా ఆ రాత్రి కాపలా మానేయండి.

గుంపులో కనీసం ఒక పెద్దమనిషి, హిందీ వచ్చినవాడు ఒకడు ఉండాలి.

ఎవరైనా దొరికితే కూర్చోబెట్టండి, నీళ్లు ఇవ్వండి. కట్టేయవద్దు. వీడియో తీయవద్దు. తీసిన వీడియోయే మీ మీద సాక్ష్యం.

‘మన మండలంలో ముఠా దిగింది’ అని సందేశం వస్తే ఏ ఊరు, ఏ తేదీ, ఎవరు చూశారు అని అడగండి. జవాబు లేకపోతే అక్కడే ఆపండి. పంపినవాడు మేనమామ అయినా సరే.

బొమ్మ తుపాకితో రీల్స్ చేసే పిల్లల దగ్గర ఆ బొమ్మ లాక్కోండి. చీకట్లో అది బొమ్మ అని ఎవరికీ తెలియదు.

మతిస్థిమితం లేనివారు, వయసు మళ్లినవారు మీ ఇంట్లో ఉంటే మెడలో ఫోన్ నంబరు రాసిన బిళ్ల వేయండి. దెబ్బలు తినేవాళ్లలో వీళ్లే ఎక్కువ.

మళ్లీ చెబుతున్నాను, విసుక్కున్నా సరే: మనిషెవరో తేలేదాకా చేయి లేపవద్దు. అరుపు వినగానే పరిగెత్తి, ఏం జరిగిందో అడగకుండా రెండు దెబ్బలు వేసి ఇంటికి వచ్చి పడుకునేవాడే తెల్లారి మొదట దొరుకుతాడు. మొదలుపెట్టినవాడు అప్పటికే ఊరు దాటి ఉంటాడు.

ఈ రాత్రి మీ వాడకట్టులో పిల్లలు కాపలాకు బయలుదేరితే గేటు దగ్గరే ఆపండి. చేతుల్లోని కర్రలు తీసుకోండి. టార్చిలైటు, ఈల ఇచ్చి పంపండి.