చలికాలం ఉదయం కారవాన్ ఇంజన్ వేడెక్కడం లేదా?

సమస్య: డీజిల్ కారవాన్ ఉదయం స్టార్టయినా తెల్లపొగ వదులుతుంది, లాగదు. అరగంట ఆన్‌లో ఉంచినా ఉష్ణోగ్రత ముల్లు పైకి లేవదు.

ముందుగా హీటర్ ప్లగ్గుల (స్టార్టుకు ముందు సిలిండర్లను వేడి చేసేవి) దీపం చూడండి. తాళం సగం తిప్పితే తీగచుట్ట ఆకారంలో వెలిగే ఆ పసుపు దీపం ఆరాకే స్టార్టు చేయాలి. ఎన్నిసార్లు చెప్పినా దీన్నే వదిలేస్తారు! ఆ ప్లగ్గులు పాడైతే స్టార్టు కష్టమవుతుంది, కాసేపు పొగ వస్తుంది, తర్వాత సర్దుకుంటుంది.

రెండోది, నిలబెట్టి వేడి చేయడం. శ్రీశైలం దారిలో రాత్రిళ్లు మూసే మన్ననూరు అటవీ చెక్‌పోస్టు దగ్గర ఉదయం ఆరుకు గేటు తీసేదాకా ఇంజన్లు ఆన్‌లోనే పెట్టుకుని ఉంటారు. కదలని బండిలో కాలే డీజిల్ చాలా తక్కువ, పుట్టే వేడీ అంతే. బీఎస్-6 (కొత్త కాలుష్య నిబంధనల) బండి అయితే పొగ గొట్టంలోని ఫిల్టర్‌కు మసి కూడా పడుతుంది. ఒక నిమిషం ఆగి బయలుదేరండి. ముల్లు లేచేదాకా ఇంజన్ వేగం 2,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాటించకండి.

పది, పదిహేను కిలోమీటర్లు నడిపినా ముల్లు లేవకపోతే, థర్మోస్టాట్ వాల్వ్ ఉందో లేదో చూడండి. అవును, ఉందో లేదో. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎండల్లో బండి వేడెక్కిందని షెడ్డుకు తీసుకెళ్తే, 'మన వేడికి ఇది అక్కర్లేదు' అంటూ తీసి పక్కన పడేస్తారు. బిల్లులో రాయరు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారికి అసలే తెలియదు. చలి మొదలయ్యాక బయటపడుతుంది.

ఇంజన్ సుమారు 80 డిగ్రీలకు చేరేదాకా నీటిని రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపేది ఆ వాల్వే. అది లేకపోతే మొదటి నిమిషం నుంచే నీరు చల్లబడుతూ ఉంటుంది. కాలని డీజిల్ సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగి దాన్ని పలుచన చేస్తుంది, మైలేజీ పడిపోతుంది. పోనీ, వేసవిలో మేలా అంటే అదీ లేదు. చాలా ఇంజన్లలో ఈ వాల్వ్ తెరుచుకుంటూ పక్కదారిని మూసేస్తుంది. అది లేకపోతే కొంత నీరు రేడియేటర్‌కు వెళ్లకుండానే తిరిగొస్తుంది, ఘాట్ రోడ్డులో వేడి ఇంకా పెరుగుతుంది. ఎండల్లో బండి వేడెక్కడానికి అసలు జబ్బు చాలాసార్లు, బోరు నీళ్లు పోసి రేడియేటర్‌లో గార కట్టించుకోవడమే.

పరీక్ష సులువు. రాత్రంతా ఆగి ఉన్న బండిని స్టార్టు చేసి, ఫ్యానుకు, బెల్టులకు దూరంగా రేడియేటర్ పై పైపు మీద చేయి పెట్టండి. వాల్వ్ సరిగా ఉంటే పైపు చాలాసేపు చల్లగానే ఉండి, ఇంజన్ కాగాక ఒక్కసారిగా వేడెక్కుతుంది. మొదటి నుంచీ మెల్లగా గోరువెచ్చబడుతుంటే వాల్వ్ లేదు, లేదా తెరుచుకుని ఇరుక్కుపోయింది.

మీ ఇంజన్‌కు చెప్పిన డిగ్రీల వాల్వే కొత్త గ్యాస్కెట్‌తో వేయించండి. రేడియేటర్ కడిగించి, డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంట్ పోసి, లోపలి గాలి తీయించండి. మూత మాత్రం ఇంజన్ చల్లారాకే తెరవాలి.

ఇక మిగిలినవి అరుదు. పైపు వేడిగా ఉన్నా ముల్లు లేవకపోతే ఉష్ణోగ్రత సెన్సార్ మార్చండి. మన చలికి డీజిల్ గడ్డకట్టదు, ఆ భయం వద్దు. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగక, కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగం కింద ఉండే సీలు) పోయిందని అనుమానించి నేరుగా మెకానిక్‌కు చూపించండి.