పదహారు పాటలు, ఐదు సినిమాలు: కొత్తగా వినేవాళ్ళకి పాతపాటల క్యాసెట్టు కట్టే పద్ధతి

తెనాలి బోసు రోడ్డు పక్క సందులో ఇరవై ఏళ్ళు క్యాసెట్లు ఎక్కించాను. జనం నోటుబుక్కు కాగితం మీద పాటల లిస్టు రాసుకుని, ఖాళీ క్యాసెట్టు పట్టుకుని వచ్చేవాళ్ళు. మర్నాడు సాయంత్రానికి నేను పాటలు ఎక్కించి, అట్ట మీద వరసగా పేర్లు రాసి ఇచ్చేవాణ్ణి. షాపు మూసేసి చాలా కాలమైంది. పోయిన సంక్రాంతికి బెంగళూరు నుంచి వచ్చిన మా తమ్ముడి కూతురు, "పెదనాన్నా, పాత పాటలు వినాలని ఉంది, పాత సినిమాలు చూడాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు" అంది. మళ్ళీ కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను. ఆ పిల్లకి చేసిచ్చిన పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అడుగుతారు.

ముందు పాటల సంఖ్య తేల్చుకోండి. ప్లేలిస్టులో వెయ్యి పాటలు పట్టినా సరే, పదహారు దాటవద్దు. నేను ఎప్పుడూ అరవై నిమిషాల క్యాసెట్టే కొనమనేవాణ్ణి. తొంభై నిమిషాలదాంట్లో టేపు పలచన, త్వరగా సాగిపోతుంది, చుట్టుకుంటుంది. అరవైలో సైడుకి ముప్ఫై నిమిషాలు. పాత పాటలు చాలావరకు మూడు నిమిషాల పైచిలుకు ఉంటాయి, ఎందుకంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ రికార్డుకి ఒకవైపు అంతే పట్టేది. అంటే సైడుకి ఎనిమిది పాటలు. ఎనిమిది పాటలు వరసగా విన్నవాళ్ళకి వారం తిరిగేసరికి ఏ పాట తర్వాత ఏది వస్తుందో నోటికి వచ్చేస్తుంది. ఒక పాట అయిపోతుండగానే రెండోదాని ఎత్తుగడ మనసులో మొదలవ్వాలి. పాట మన సొంతమయ్యేది అప్పుడే.

మొదటి పాట మీదే అంతా ఆధారపడుతుంది. చాలామంది తమకి ప్రాణమైన పాటని ముందు పెడతారు. అది పొరపాటు. మీకు ప్రాణమైన పాట వెనక మీ నలభై ఏళ్ళ జీవితం ఉంది, వినే పిల్లకి అది లేదు. మొదటి పాట తేలిగ్గా ఉండాలి, మాటలు అర్థమవ్వాలి, గొంతు మీద పడకూడదు. నేను ఎప్పుడూ పెట్టేది మిస్సమ్మలోని "రావోయి చందమామ". 1955 నాటి సినిమా, సాలూరి రాజేశ్వరరావు గారి సంగీతం. భార్యాభర్తలు కాని ఇద్దరు ఉద్యోగం కోసం భార్యాభర్తలుగా నటిస్తూ, ఒకరి మీద ఒకరు చందమామకి చెప్పుకుంటారు. రామారావు గారికి ఇందులో పాడింది ఏ.ఎం. రాజా. ఆ గొంతులో ఎక్కడా బలవంతం ఉండదు, చెవిలో మాట చెప్పినట్టు ఉంటుంది. పక్కన పి. లీల. డెబ్బై ఏళ్ళ పాట అని ఎవరైనా చెప్తే తప్ప తెలియదు. ఈ సినిమా తీసిన విజయా వారి చక్రపాణి గారిది మా తెనాలి ఐతానగరే. అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఛాతీ పొంగుతుంది.

రెండోది మాయాబజార్ నుంచి "లాహిరి లాహిరి లాహిరిలో". ఆ సినిమాకి నాలుగు పాటలు వరస కట్టి రాజేశ్వరరావు గారు తప్పుకున్నాక మిగతాది ఘంటసాల గారు చేశారు. ఇది ఆ నాలుగింటిలోది. పాడింది మాత్రం ఘంటసాల గారే, లీల గారితో. ఒకే పడవపాటలో మూడు జంటలు కనిపిస్తాయి: అభిమన్యుడు శశిరేఖ, కృష్ణుడు రుక్మిణి, చివరికి బలరాముడు రేవతి. కొత్త ప్రేమ నుంచి ముదిరిన కాపురం దాకా వరస మారదు, పడవ ఆగదు.

తర్వాత నుంచి ఒకటే నియమం: ఒకే గొంతు వెంటవెంటనే రాకూడదు. ఘంటసాల గారి పాట అయ్యాక భానుమతి గారిది పెట్టండి, తర్వాత సుశీల గారిది, మళ్ళీ ఘంటసాల గారు. అప్పుడు ఒక్కో గొంతు తేడా తెలుస్తుంది. ఒక హుషారు పాట, రెండు నెమ్మదివి, మళ్ళీ ఒక హుషారు. మూగమనసులు నుంచి "నా పాట నీ నోట పలకాల సిలక" అలాంటి హుషారుకి చక్కగా సరిపోతుంది. మొదటి సైడు (ఏ) చివరి పాట మాత్రం మల్లీశ్వరిలోని "మనసున మల్లెల మాలలూగెనే". భానుమతి గారు తన పాత్రకి తానే పాడుకున్నారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు సినిమాకి మొదటిసారి రాసింది మల్లీశ్వరికే. ఈ పాట లైటు ఆపి వినమని చెప్పండి. ఇది అయ్యాక వెంటనే ఇంకో పాట రాకూడదు. అందుకే సైడు చివర పెడతాను. క్యాసెట్టు టక్కుమని ఆగాలి, లేచి తిప్పి పెట్టుకోవాలి. ఫోనులో వినేవాళ్ళు ఇక్కడ తామే ఆపుకోవాలి.

ఇక అసలు చిక్కు: పాట ముందా, సినిమా ముందా? దీని మీద షాపులో ఎన్నో సాయంత్రాలు వాదనలు జరిగాయి. నేను ఇలా విడదీస్తాను. కొన్ని పాటలు తమ కాళ్ళ మీద తాము నిలబడతాయి, అవి క్యాసెట్టులోకి. కొన్ని పాటలకి తెర కావాలి, అవి సినిమా చూసేదాకా దాచాలి. "వివాహ భోజనంబు" మాధవపెద్ది సత్యం గారి గొంతులో విన్నా బాగానే ఉంటుంది, కానీ మాయాబజార్‌లో ఘటోత్కచుడైన ఎస్వీ రంగారావు గారు ఒక్కరే అంత విందు ముందు కూర్చోవడం చూడకముందు వింటే సగమే విన్నట్టు. జగదేకవీరుని కథలో "శివశంకరీ" కూడా అంతే. రాగం ఎలాగూ కట్టిపడేస్తుంది, అయితే తెర మీద రామారావు గారే పాడుతూ, తానే వాయిద్యాలన్నీ వాయిస్తుంటే రాయి కరగడం చూసినవాళ్ళు ఆ పాటని వేరేగా వింటారు. "జగమే మాయ" అసలే పెట్టవద్దు. దేవదాసు కథ తెలియని పిల్లలకి అది తాగినవాడి పాటగా మాత్రమే వినిపిస్తుంది. అది ఆ పాటకి అన్యాయం.

సైడు బి కొంచెం ఇవతలి కాలం. మేఘసందేశం నుంచి "ఆకాశదేశాన ఆషాఢమాసాన", వేటూరి గారి మాట, రమేష్ నాయుడు గారి వరస, జేసుదాసు గొంతు. ఆ సినిమా సంగీతానికి రమేష్ నాయుడు గారికి జాతీయ అవార్డు వచ్చింది. తర్వాత సితారలోంచి "వెన్నెల్లో గోదారి అందం". జానకి గారికి ఈ పాటకే జాతీయ అవార్డు. ఇళయరాజా వాయిద్యాలు ఎప్పుడు తగ్గిస్తాడో గమనించమనండి, ఆమె ఊపిరి వినపడుతుంది. సుద్దాల హనుమంతు గారు రాసిన "పల్లెటూరి పిల్లగాడా" కూడా ఈ సైడులోనే ఉండాలి. మా భూమి సినిమాలోది. పశువులు కాసే పిల్లాణ్ణి పలకరిస్తూ సాగుతుంది. అన్నీ వెన్నెల పాటలే విన్న చెవికి మన పాటలో ఇదీ ఉందని తెలియాలి.

వినేటప్పుడు రెండు జాగ్రత్తలు. అదే పాటని తర్వాత వేరేవాళ్ళు పాడినవి, దరువు కలిపినవి బోలెడు దొరుకుతాయి. గాయకుల పేరు, సినిమా పేరు రెండూ సరిచూసుకోండి. రెండోది, బేస్ పూర్తిగా తగ్గించండి. ఆ రోజుల రికార్డింగు చాలావరకు మోనో, అంటే శబ్దమంతా ఒకే దారిలో వస్తుంది, గొంతే మధ్యలో ఉంటుంది. బేస్ పెంచితే తబలా ఉబ్బి గొంతు మునిగిపోతుంది. సన్నగా వచ్చే గరగర అలాగే ఉండనివ్వండి. దాన్ని మరీ తుడిచేస్తే వేణువులో గాలి కూడా పోతుంది.

సినిమాలు ఐదే, వారానికి ఒకటి. మొదటిది మాయాబజార్, 1957. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. పాండవులు ఒక్కసారి కూడా కనపడని భారతకథ ఇది. రంగులు వేసిన ప్రతి 2010లో వచ్చింది, కానీ మొదటిసారి నలుపు తెలుపులోనే చూపించండి. కెమెరామన్ మార్కస్ బార్ట్లే గారు తీసిన వెన్నెల అందులోనే వెన్నెలగా ఉంటుంది. మూడు గంటలు దాటుతుంది కాబట్టి రెండు రాత్రులుగా చూడండి, ఘటోత్కచుడు వచ్చిన తర్వాత ఆపుకోవచ్చు. మాటలు రాసిన పింగళి గారి అస్మదీయులు, తస్మదీయులు, వీరతాళ్ళు ముందే వివరించకండి, వాళ్ళంతట వాళ్ళు నవ్వుతారు. సావిత్రి గారిని మాత్రం కనిపెట్టి చూడమనండి. మాయా శశిరేఖగా, అంటే శశిరేఖ వేషంలోని ఘటోత్కచుడిగా, ఆమె నడకలో, చూపులో రంగారావు గారు దిగి వస్తారు. "అహ నా పెళ్ళియంట" సుశీల గారు పాడుతుండగా మధ్యలో ఘంటసాల గారి గొంతు ఉరుముతుంది. పిల్లలు ఆ చోట వెనక్కి తిప్పి మళ్ళీ చూస్తారు.

రెండో వారం గుండమ్మ కథ, సూర్యకాంతం గారి కోసం. మూడోది మల్లీశ్వరి. నెమ్మదిగా నడిచే సినిమా, అందుకే మొదటే చూపించకూడదు. రెండు సినిమాలు చూసిన కళ్ళకి ఆ నెమ్మది హాయిగా ఉంటుంది. నాలుగోది మూగమనసులు, గోదావరి కోసం, పాటలు రాసిన ఆత్రేయ గారి కోసం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఒకసారి ఒక టీచరమ్మ వచ్చి, మూగమనసుల్లోని "పాడుతా తీయగా చల్లగా" ఒక్కటే క్యాసెట్టు నిండా ఎక్కించమంది, రెండు వైపులా. ఎందుకని అడగలేదు. పొద్దుపోయేదాకా కూర్చుని ఎక్కించాను. ప్రతిసారీ మొదటి నుంచి విన్నాను. ఎన్నోసారికో పాటలో నేను అంతవరకు పట్టించుకోని విరామాలు వినపడటం మొదలైంది. అందుకే మూగమనసులు చూసిన రాత్రి ఇంకే పాటా పెట్టవద్దంటాను. అదే పాట పెట్టుకుని పడుకోమంటాను.

ఐదోది శంకరాభరణం, 1980. శాస్త్రీయ సంగీతం అంటే భయపడేవాళ్ళకి కూడా నాలుగు వారాలయ్యాక చెవి సిద్ధంగా ఉంటుంది. బాలు గారు శాస్త్రీయంగా సంగీతం నేర్చుకున్నవారు కాదు. సంగీతం చేసిన మహదేవన్ గారి సహాయకుడు పుహళేంది గారి దగ్గర కూర్చుని ఆ పాటలు నేర్చుకుని పాడారు, జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. సంగీతం రాదని వెనకాడే పిల్లలకి సినిమా మొదలయ్యే ముందే ఈ సంగతి చెప్పండి.

దేవదాసు ఐదింటిలో లేదేమని మా తమ్ముడు నాతో గట్టిగానే వాదించాడు. అది ఆరో వారానికి ఉంచాను. సావిత్రి గారిని శశిరేఖగా చూసి నవ్వినవాళ్ళే పార్వతిగా చూసి ఏడవాలి.

చివరగా, సైడు బిలో పదహారో చోటు ఖాళీగా వదలండి. క్యాసెట్టులో అయితే మూడు నిమిషాల ఖాళీ టేపు ఉంచేవాణ్ణి, అట్ట మీద ఒక గీత గీసి ఇచ్చేవాణ్ణి. వినేవాళ్ళే వెతుక్కుని దాన్ని నింపుకోవాలి. మా తమ్ముడి కూతురు ఉగాది ముందు ఒక రాత్రి పదకొండింటికి ఫోను చేసింది. హలో కూడా అనలేదు. అవతల "కలవరమాయే మదిలో" మోగుతోంది, పాతాళభైరవిలోది. ఆ సినిమా పేరు నేను ఆ పిల్లకి చెప్పనే లేదు.