టీనేజి పిల్లలతో అమెరికా వెళ్తున్న కర్నూలు, కడప, అనంతపురం వాళ్లకు: స్కూలు, స్నేహాలు

అడ్మిషన్ రోజు కౌన్సెలర్ (పిల్లల సబ్జెక్టులు, ఇబ్బందులు చూసే స్కూలు ఉద్యోగి) "ఎలక్టివ్ (ఇష్టాన్నిబట్టి ఎంచుకునే సబ్జెక్టు) ఏం తీసుకుంటావు?" అని అడిగేది పిల్లవాణ్ని. జవాబిచ్చేది నాన్న. హెచ్‌-4 వీసా (అక్కడ హెచ్-1బి ఉద్యోగం చేసేవారి భార్య లేదా భర్తకు, పిల్లలకు ఇచ్చేది) మీద తొమ్మిదో పదో తరగతిలో చేరే మన పిల్లలకు స్నేహాల కష్టం సగం అక్కడే మొదలవుతుంది.

మన స్కూళ్లలో ఏడాదంతా ఒకటే సెక్షను, అవే మొహాలు. పక్క బెంచీలో కూర్చున్నవాడే స్నేహితుడు. హాస్టల్లో చదివినవాళ్లకైతే నిద్ర లేవడం మొదలు రాత్రి స్టడీ అవర్ దాకా అన్నీ ఇంకొకరు నిర్ణయించినవే. అమెరికా హైస్కూల్లో టీచర్లు గదుల్లోనే ఉంటారు, పీరియడు మారినప్పుడల్లా పిల్లలే గది మారతారు. పక్కవాళ్లూ మారిపోతారు. తనంతట తాను వెళ్లి పలకరిస్తే తప్ప ఎవరితోనూ పరిచయం పెరగదు. మనవాళ్లకు అలవాటు లేనిది ఇదే.

జరిగేది తన చేతల వల్ల జరుగుతోందని నమ్మేవాళ్లు, అదృష్టం వల్లో ఇతరుల వల్లో అని నమ్మేవాళ్లు: ఈ తేడాను కొలిచే పద్ధతిని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జూలియన్ రాటర్ 1966లో ప్రచురించారు. 1973లో నోవికీ, స్ట్రిక్‌లాండ్ పిల్లల కోసం 40 అవును-కాదు ప్రశ్నల కొలమానం తయారుచేశారు. ఇంట్లో పరీక్షలేమీ పెట్టక్కర్లేదు, మాట వింటే చాలు. "వాళ్లు నన్నెట్లా కలుపుకుంటార్లే" అనుకున్న పిల్ల రెండోసారి పలకరించదు. పలకరించలేదు కాబట్టి నిజంగానే కలుపుకోరు.

అందుకే ఎలక్టివ్ పిల్లలే ఎంచుకోవాలి. బ్యాండు, కోయిర్ (బృందగానం), థియేటర్ లాంటివాటిలో రోజూ అవే మొహాలు కనిపిస్తాయి, కలిసి చేసే పనీ ఉంటుంది. మాట కలపడానికి అంతకంటే సులువైన దారి లేదు. నచ్చకపోతే మార్చుకునే గడువు సెమిస్టరు మొదట్లో కొద్ది రోజులే. ఆ తేదీ కౌన్సెలర్‌ని ముందే అడిగి పెట్టుకోవాలి, అడిగేది కూడా పిల్లలైతే మేలు. ఆటల్లో బాస్కెట్‌బాల్ లాంటివాటికి సెలెక్షన్ల పోటీ గట్టిగా ఉంటుంది. క్రాస్ కంట్రీ (మైదానాలు, దారుల వెంట దూరపు) పరుగులో చాలా స్కూళ్లు ఎవరినీ తీసెయ్యవు. ఫాల్ (శరదృతువు) సీజను ఆటల ప్రాక్టీసు చాలాచోట్ల ఆగస్టులో, స్కూలు తెరవకముందే మొదలవుతుంది. డాక్టరు సంతకం చేసిన ఫిజికల్ (ఆరోగ్య పరీక్ష) ఫారం లేనిదే రానివ్వరు. వీలుంటే జూలైలోనే చేరుకునేలా టికెట్లు తీసుకోండి.

చేర్చుకునేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తారు. 'తెలుగు' అని నిజమే రాయండి. దాన్నిబట్టి ఇంగ్లిషు పరీక్ష పెడతారు: చాలా రాష్ట్రాల్లో విడా, కాలిఫోర్నియాలో ఎల్‌ప్యాక్. తక్కువ క్లాసులో వేస్తారేమోనని కొందరు 'ఇంగ్లిష్' అని రాసేస్తారు. అనవసర భయం. ఇంగ్లిషు సాయం తరగతి వద్దనుకుంటే వద్దని చెప్పే హక్కు తల్లిదండ్రులకు ఉంది. పైగా స్పానిష్, అరబిక్, వియత్నామీ మాట్లాడే కొత్త పిల్లలంతా ఒక్కచోట దొరికేది ఆ తరగతిలోనే. అందరూ కొత్తవాళ్లే కాబట్టి బెరుకు తక్కువ. అనంతపురంలో కన్నడం, కర్నూల్లో ఉర్దూ వింటూ పెరిగిన పిల్లలకు భాష కలవనివాళ్లతో ఆడుకోవడం కొత్తేమీ కాదు. "తెలుగు పిల్లలతో తిరగొద్దు" అని ఆంక్ష పెట్టేవాళ్లూ ఉన్నారు. అది ఉన్న ఆసరా కూడా తీసెయ్యడమే.

కొత్త పిల్లలకు అన్నిటికంటే బరువైనది లంచ్ అరగంట. ఎవరి పక్కన కూర్చోవాలో తెలియదు. ఇక్కడ మన సీమకు ప్రత్యేకమైన చిక్కొకటి: శెనక్కాయలు. ఉగ్గానిలో పప్పుల పొడి పర్వాలేదు కానీ శెనక్కాయల పొడి, చట్నీ, చిక్కీ డబ్బాలో పెట్టేముందు స్కూలు నియమం కనుక్కోండి. వేరుశనగ అలర్జీ ప్రాణాల మీదికి తెస్తుంది కాబట్టి కొన్ని స్కూళ్లు పూర్తిగా నిషేధించాయి, కొన్ని వేరే బల్లలు పెట్టాయి. డబ్బాలోది పంచుకోవడం కూడా చాలాచోట్ల కుదరదు. మనవాళ్లు స్నేహం మొదలుపెట్టే పద్ధతే అది గనక ముందే చెప్పి పంపండి.

ఇక, పిల్లల చేతిలో లేనివాటిని వాళ్ల నెత్తిన వెయ్యకూడదు. పదహారేళ్లకు తోటివాళ్లు పార్ట్‌టైం పనికి పోతారు. హెచ్‌-4 పిల్లలు జీతానికి పని చెయ్యకూడదు. కారణం వీసా అని ముందే వివరించండి, లేకపోతే లోపం తనలోనే ఉందనుకుంటారు.

యాసనో, రంగునో, బొట్టునో వెక్కిరిస్తే "నువ్వే సర్దుకుపో" అనడం కూడా అలాంటిదే. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) నిధులు తీసుకునే స్కూలు జాతి, రంగు, పుట్టిన దేశం ఆధారంగా వేధింపు జరిగితే పట్టించుకుని తీరాలి. 1964 పౌరహక్కుల చట్టంలోని టైటిల్ 6 ఆధారం. ఫోన్‌లో చెప్పి ఊరుకుంటే రికార్డు మిగలదు. తేదీ, చోటు, అన్న మాటలు, చూసినవాళ్లు ఎవరో రాసి కౌన్సెలర్‌కి, అసిస్టెంట్ ప్రిన్సిపాల్‌కి మెయిల్ పెట్టండి. ఇంగ్లిషు ఇబ్బందైతే మీటింగుకు తెలుగు అనువాదకుణ్ని స్కూలే ఏర్పాటు చెయ్యాలని అడగొచ్చు. మెయిల్ పంపేముందు పిల్లలకు చదివి వినిపించి, ఎవరి పేర్లు రాయాలో, సీటు మార్చమని అడగాలో వద్దో వాళ్లనే అడగండి. అడక్కుండా వెళ్లి గొడవ చేస్తే, ఈసారి ఏం జరిగినా ఇంట్లో చెప్పరు.